మాల్దీవులకు తొలి ప్రయాణం: దీవి ఎంపిక నుంచి తిరుగు విమానం వరకు

మాల్దీవుల్లో ఒక రిసార్టు అంటే దాదాపు ఎప్పుడూ ఒక పూర్తి దీవి. ఆ దీవిలో వేరే హోటలు ఉండదు, వేరే భోజనశాల ఉండదు, కాస్త నడిచి వెళ్లి చూసి రావడానికి బజారు ఉండదు, చుట్టూ సముద్రమే. 1972లో రాజధాని మాలెకు దగ్గర్లో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచిన నాటి నుంచి అక్కడి పర్యాటకం ఈ పద్ధతిలోనే పెరిగింది. అందువల్ల మరో చోటికి వెళ్తే అక్కడికి చేరాక తీరిగ్గా తేల్చుకోగల విషయాలు, అంటే ఎక్కడ తినాలి, ఏ తీరానికి వెళ్లాలి, రోజుకు ఎంత ఖర్చు పెట్టాలి వంటివి, ఇక్కడ దీవిని ఎంచుకున్నప్పుడే తేలిపోతాయి. తొలిసారి వెళ్లేవారిలో చాలామంది ముందు చవకగా దొరికిన విమాన టికెట్లు కొంటారు, ఆ తరువాత నీటి మీది గదుల ఫొటోలు చూసి రిసార్టు ఖాయం చేస్తారు, మిగతావి తరువాత చూసుకోవచ్చనుకుంటారు. ఇబ్బందులన్నీ ఈ వరుసలోనే పుడతాయి. దీవి, ఆ దీవిని చేరే దారి, విమాన సమయం అనే మూడింటినీ కలిపి ఒకేసారి నిర్ణయించుకోవాలన్నదే ఈ మార్గదర్శిలోని ప్రధాన సూచన.

మొదటి అడుగు: మీకు కావలసిన సెలవు ఎలాంటిదో తేల్చుకోండి

మాల్దీవుల్లో సుమారు 1,190 పగడపు దీవులు ఉన్నాయి. అవి 26 సహజ అటాల్‌లుగా, అంటే ఉంగరం ఆకారంలో ఏర్పడిన పగడపు వలయాలుగా, ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా పరుచుకొని ఉన్నాయి. వాటిలో సుమారు 190 దీవుల్లోనే స్థానిక ప్రజలు నివసిస్తున్నారు. పర్యాటకుడు బస చేసేందుకు స్థూలంగా మూడు మార్గాలున్నాయి: రిసార్టు దీవి, స్థానికులు నివసించే దీవిలో గెస్ట్‌హౌస్, రోజుల తరబడి సముద్రం మీదే తిరిగే డైవింగ్ నౌక. మూడోది ఇప్పటికే డైవింగ్ నేర్చుకున్నవారికి తగినది కనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

రిసార్టు దీవిలో ఏకాంతం, సౌకర్యం, గుమ్మం ముందే సముద్రం దొరుకుతాయి, మద్యం లభిస్తుంది, ఈత దుస్తులపై ఆంక్షలు ఉండవు. అయితే ప్రతి వస్తువుకూ ఆ దీవి నిర్ణయించిన ధరే చెల్లించాలి. స్థానిక దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు 2009–10 ప్రాంతంలో ప్రభుత్వం వీలు కల్పించింది. దక్షిణ మాలె అటాల్‌లోని మాఫుషి ఆ మార్పుతో ఎక్కువగా పేరు తెచ్చుకున్న దీవి. అక్కడ గది అద్దె రిసార్టుతో పోలిస్తే చాలా తక్కువ, భోజనానికి పలు చోట్లు ఉంటాయి, పడవ విహారాలకు ఒకరి ధరను మరొకరి ధరతో పోల్చుకోవచ్చు. అయితే మాల్దీవులు ఇస్లామిక్ దేశం కనుక స్థానిక దీవుల్లో మద్యం దొరకదు, వీధుల్లో భుజాలూ తొడలూ కప్పే దుస్తులు వేసుకోవాలి, బికినీలు అందుకోసం కేటాయించిన తీరంలో మాత్రమే ధరించాలి. శుక్రవారం ప్రార్థనల దినం కావడంతో దుకాణాలు చాలాసేపు మూసి ఉంటాయి, ప్రభుత్వ ఫెర్రీలు కూడా సాధారణంగా నడవవు.

డబ్బు తక్కువగా ఉందని నాసిరకం రిసార్టులో వారం గడపడం కంటే, మంచి గెస్ట్‌హౌస్‌లో కొన్ని రాత్రులు ఉండి, దాని తరువాత మంచి రిసార్టులో రెండు మూడు రాత్రులు ఉండడం మేలని నా అభిప్రాయం. ఆ దేశపు ప్రజలు ఎలా జీవిస్తారో చూడకుండా కేవలం గది వరండా చూసి తిరిగి రావడం కూడా ఒక లోటే. ఈ రెండింటినీ కలపదలిస్తే ఒకే అటాల్‌లోనివి ఎంచుకోండి, లేకపోతే మధ్యలో మాలెకు తిరిగివచ్చి మళ్లీ బయలుదేరడంలో ఒక పగలంతా పోతుంది.

రెండో అడుగు: నెలను ఎంచుకోండి

ఏడాది పొడవునా ఉష్ణోగ్రత సుమారు 25 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటుంది, సముద్రపు నీరు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. తేడా అంతా గాలిలో, వానలో ఉంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో ఆకాశం నిర్మలంగా, సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, ధరలు ఎక్కువగా ఉంటాయి. మే నుంచి నవంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలో వానలు, ఈదురుగాలులు వస్తాయి, ధరలు తగ్గుతాయి. వానాకాలమంటే రోజంతా కురుస్తూనే ఉంటుందని కాదు. గంటో రెండు గంటలో కురిసి తెరిపి ఇచ్చే రోజులూ ఉంటాయి, వరుసగా మూడు రోజులు ముసురు పట్టే సందర్భాలూ ఉంటాయి. నాలుగు రాత్రులే ఉండేవారికి ఆ ముసురు సెలవు మొత్తాన్ని మింగేయగలదు కనుక తక్కువ రోజుల ప్రయాణమైతే డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఉన్న నెలలే భద్రం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు ధరలు శిఖరానికి చేరతాయి, పైగా ఆ రాత్రుల విందుకు విడిగా రుసుము తప్పనిసరి చేసే రిసార్టులు చాలా ఉన్నాయి. జనవరి రెండో వారం దాటాక అదే వాతావరణం కొంత తక్కువ ధరకు దొరుకుతుంది.

మాంటా రే చేపలను చూడాలన్నది మీ ప్రధాన కోరిక అయితే ఈ లెక్క తలకిందులవుతుంది. బా అటాల్ తూర్పు అంచున ఉన్న హనిఫారు అఖాతంలోకి నైరుతి రుతుపవనాల కాలంలో ప్రవాహాలూ సముద్రపు పోట్లూ ప్లవకాలను, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులను, తోసుకువస్తాయి; వాటిని తినడానికి మాంటాలు గుంపులుగా చేరతాయి, అప్పుడప్పుడు వేల్ షార్క్‌లు కూడా వస్తాయి. మే నుంచి నవంబరు వరకు ఇది సాగుతుంది, ఆగస్టు నుంచి అక్టోబరు వరకు అవకాశాలు మెరుగ్గా ఉంటాయి. బా అటాల్‌ను 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. హనిఫారులో డైవింగ్‌కు అనుమతి లేదు, నీటి పైనే తేలుతూ గొట్టంతో శ్వాసించే స్నార్కెలింగ్ మాత్రమే చేయవచ్చు, అది కూడా గైడ్‌తో పరిమిత సమయం పాటు. వేల్ షార్క్ ఒక్కటే మీ లక్ష్యమైతే దక్షిణ అరి అటాల్ వైపు చూడండి, అక్కడ అవి ఏడాది పొడవునా కనిపిస్తాయి.

గాలి దిశను గది ఎంపికకు కూడా వాడుకోవచ్చు. సూర్యాస్తమయం కనిపించే పడమటి వైపు గదులకు ఎక్కువ ధర పెడతారు. నైరుతి గాలుల కాలంలో గాలీ అలలూ తగిలేది సరిగ్గా ఆ వైపుకే, తూర్పు వైపు తీరం మాత్రం నిలకడగా ఉంటుంది. కాబట్టి జులైలో వెళ్తున్నవారు ఎక్కువ చెల్లించి అస్తమయపు గది తీసుకుంటే వరండాలో కూర్చోలేని రోజులు ఎదురుకావచ్చు. రుతువును బట్టి ఇసుక కూడా దీవికి ఒక వైపు నుంచి మరో వైపుకు జరుగుతుంది. ఫిబ్రవరిలో విశాలంగా కనిపించిన తీరం ఆగస్టులో సన్నబడి ఉండవచ్చు. మీరు వెళ్లబోయే నెలలోనే అతిథులు తీసిన ఫొటోలను వెతికి చూడండి.

మూడో అడుగు: దీవిని పైనుంచి చూడండి

రిసార్టులు ఇచ్చే ఫొటోలలో ప్రతి దీవీ ఒకేలా కనిపిస్తుంది. ఉపగ్రహ చిత్రంలో అలా కాదు. మ్యాప్‌లో దీవిని దగ్గరగా తెచ్చుకొని చూస్తే మూడు రంగులు కనిపిస్తాయి. లేత ఆకుపచ్చ కలిసిన నీలం రంగు ఉన్నంత మేరా అడుగున ఇసుక ఉన్న లోతులేని లగూన్. మచ్చలు మచ్చలుగా గోధుమరంగు కనిపించే చోట పగడపు దిబ్బ. ఉన్నట్టుండి ముదురు నీలం మొదలయ్యే గీత దగ్గర దిబ్బ అంచు తెగి సముద్రం లోతుకు దిగిపోతుంది. చేపలు, తాబేళ్లు, చిన్న సొరచేపలు ఎక్కువగా కనిపించేది ఆ గీత వెంబడే. ఆ ముదురు నీలపు గీత ఒడ్డు నుంచి 50 మీటర్లలో ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఈదుకుంటూ వెళ్లి చూసి రావచ్చు. అది అర కిలోమీటరు అవతల ఉంటే ప్రతిసారీ డబ్బు చెల్లించి పడవలో వెళ్లాల్సిందే.

అయితే లగూన్ వెడల్పుగా ఉండడం లోపమేమీ కాదు. చిన్నపిల్లలు ఉన్నవారికి, ఈత రానివారికి, కయాక్ నడపాలనుకునేవారికి నడుము లోతు దాటని ఆ నీరే కావాలి. మీ ఇంటివారిలో ఎక్కువమంది నీళ్లలోకి దిగి ఏం చేస్తారో ఆలోచించి ఎంచుకోండి. పగడాల ఆరోగ్యం గురించి కూడా ముందే అడగండి. 1998లో, 2016లో సముద్రం మితిమీరి వేడెక్కినప్పుడు మాల్దీవుల్లో లోతులేని చోట్ల ఉన్న పగడాలు తెల్లబారి పెద్ద ఎత్తున చనిపోయాయి. కొన్ని దిబ్బలు తేరుకున్నాయి, కొన్ని ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి. రిసార్టుకు ఉత్తరం రాసి, ఒడ్డు నుంచి దిబ్బ అంచుకు ఎంత దూరం, దిబ్బ మీదకు వెళ్లే దారులకు గుర్తులు ఉన్నాయా, అక్కడ సముద్ర జీవశాస్త్రవేత్త పనిచేస్తున్నారా అని మూడు ప్రశ్నలు అడగండి. వచ్చే జవాబు ఎంత వివరంగా ఉంటుందో దాన్ని బట్టే చాలా విషయం తెలిసిపోతుంది.

నీటి మీది గది గురించి ఒక మాట. అది అందమైన అనుభవమే, కాకపోతే గదికీ భోజనశాలకూ మధ్య ఎండలో పొడవాటి చెక్క వంతెన ఉంటుంది, నడవడం మొదలుపెట్టిన పిల్లలతో అక్కడ ఉండడం నిరంతరం కాపలా కాయడమే, కొన్ని రిసార్టులు నిర్ణీత వయసు లోపు పిల్లలను అనుమతించవు కూడా. ఇసుక మీది గదిలో సగం రాత్రులు, నీటి మీది గదిలో సగం రాత్రులు గడిపేలా ఒకే రిసార్టులో విడదీసి బుక్ చేసుకోవడం చాలామందికి సరిపోతుంది.

నాలుగో అడుగు: దీవికి చేరే దారి, విమాన సమయం

మిగతా అడుగులన్నిటికంటే దీన్ని శ్రద్ధగా చదవమని కోరుతున్నాను. అంతర్జాతీయ విమానాల్లో అత్యధిక భాగం మాలె పక్కనే హుల్‌హులే దీవిలో ఉన్న వెలానా విమానాశ్రయంలో దిగుతాయి. అక్కడి నుంచి మీ దీవికి స్పీడ్‌బోటు, సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం), దేశీయ విమానంతో పాటు స్పీడ్‌బోటు అనే మూడు దారుల్లో ఒకటి ఉంటుంది. ఏది అన్నది దీవి ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది గాని మీ ఇష్టాన్ని బట్టి కాదు.

ఉత్తర, దక్షిణ మాలె అటాల్‌లలోని రిసార్టులకు స్పీడ్‌బోటు చాలు. పావుగంట నుంచి గంట వరకు పడుతుంది, చాలా రిసార్టులు రాత్రి పూట కూడా నడుపుతాయి. సముద్రం కల్లోలంగా ఉన్న రోజు పడవ ముందు భాగంలో కుదుపు ఎక్కువ కాబట్టి నడుం నొప్పి ఉన్నవారూ గర్భిణులూ వెనక కూర్చోవాలి.

సీప్లేన్ సంగతి వేరు. పైలట్ కంటితో చూసుకుంటూ దింపాల్సిన విమానం కనుక అది పగటి వెలుతురులో మాత్రమే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర తరువాత దిగితే ఆ రోజు చివరి సీప్లేన్ అందకపోయే ప్రమాదం ఉంది. అప్పుడు విమానాశ్రయానికి వంతెన రోడ్డుతో కలిసి ఉన్న హుల్‌హుమాలెలో గానీ, 2018లో తెరిచిన వంతెన దాటి మాలెలో గానీ రాత్రి గడపాలి. దీవిలో ఆ రాత్రికి మీరు చెల్లించిన గది ఖాళీగా ఉంటుంది. తిరుగు ప్రయాణానికీ ఇదే నియమం. తెల్లవారుజామున విమానం ఉంటే సీప్లేన్ మిమ్మల్ని ఆ వేళకు చేర్చలేదు కనుక ముందు రోజు సాయంత్రమే దీవి విడిచి రావాలి. అంటే తప్పు విమానాలు కొన్నవారు అయిదు రాత్రుల సెలవులో రెండు రాత్రులను విమానాశ్రయం పక్కన గడుపుతారు. ఉదయం దిగి, మధ్యాహ్నం దాటాక తిరిగి బయలుదేరే విమానాలు దొరకకపోతే స్పీడ్‌బోటు దూరంలో ఉన్న దీవిని ఎంచుకోవడమే తెలివైన పని. దూరపు దీవే కావాలంటే దేశీయ విమానం ఉన్నదాన్ని చూడండి, అది చీకటి పడ్డాక కూడా నడుస్తుంది.

సీప్లేన్ టికెట్‌ను రిసార్టే బుక్ చేస్తుంది. కచ్చితమైన వేళ సాధారణంగా ముందు రోజు సాయంత్రం గాని ఖరారు కాదు, టెర్మినల్‌లో రెండు మూడు గంటలు వేచి ఉండడం మామూలే. విమానం పదిహేను మంది పట్టే ట్విన్ ఆటర్. లోపల ఏసీ ఉండదు, రెండు ఇంజన్ల హోరుకు మాట వినపడదు, విమాన సిబ్బంది చెప్పులు లేకుండా పనిచేస్తారు, దారిలో ఒకటి రెండు దీవుల దగ్గర ఆగి మిగతావారిని దించవచ్చు. కిటికీలోంచి కిందికి చూస్తే మీరు మ్యాప్‌లో చూసిన ఆ మూడు రంగులూ ఒక్కో దీవి చుట్టూ స్పష్టంగా కనిపిస్తాయి. సామాను సాధారణంగా మనిషికి 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు. పైన ప్రతి కిలోకూ రుసుము ఉంటుంది. మీ పెద్ద విమానం 30 కిలోలు అనుమతించినా ఇక్కడి పరిమితిని చూసే సర్దుకోండి. రానుపోను ఛార్జీ మనిషికి కొన్ని వందల డాలర్లు ఉంటుంది కనుక ఇద్దరికి ఆ మొత్తాన్ని కలిపాక, దూరాన ఉన్న చవక రిసార్టు కంటే దగ్గరలోని ఖరీదైన రిసార్టే తక్కువకు రావచ్చు.

స్థానిక దీవులకు ప్రభుత్వ ఫెర్రీలు అతి చవక. 2022 నుంచి ఆర్‌టీఎల్ అనే వేగవంతమైన ఫెర్రీ సేవ అటాల్ తరువాత అటాల్‌కు విస్తరిస్తోంది. ప్రైవేటు స్పీడ్‌బోట్లకు నిర్ణీత వేళలు ఉంటాయి, వాటిలో సీటును గెస్ట్‌హౌస్‌వారే ఏర్పాటు చేస్తారు.

వేళలు రాసుకునేటప్పుడు ఒక విషయం గమనించండి. కొన్ని రిసార్టులు వెలుతురు ఎక్కువసేపు దక్కేందుకు తమ గడియారాన్ని మాలె సమయం కంటే గంట ముందుకు తిప్పుకుంటాయి. బయలుదేరే వేళ ఏ సమయం ప్రకారమో అడిగి తెలుసుకోండి.

అయిదో అడుగు: అసలు ఖర్చు లెక్కగట్టండి

రిసార్టు ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు (++) కనిపిస్తే సేవా రుసుము, పన్ను అందులో కలవలేదని అర్థం. ఉదాహరణకు ఇద్దరికి రాత్రికి 300 డాలర్లు++ అని ఉందనుకుందాం. 10 శాతం సేవా రుసుముతో 330 అవుతుంది. ఆ మొత్తం మీద పర్యాటక వస్తు సేవల పన్ను పడుతుంది. అది 2025 జులై 1 నుంచి 17 శాతం కనుక మరో 56 డాలర్ల 10 సెంట్లు కలిపి 386 డాలర్ల 10 సెంట్లకు చేరుతుంది. దీనిపై గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో ఇది మనిషికి రోజుకు 12 డాలర్లు కాబట్టి ఇద్దరికి 24. చివరికి 300గా కనిపించిన గది రాత్రికి 410 డాలర్లు దాటింది. భోజనానికి, డైవింగ్‌కు, మసాజ్‌కు, ఒక్క కాఫీకి కూడా ఈ రెండు ప్లస్‌లు వర్తిస్తాయి. స్థానిక దీవుల్లో 50 లేదా అంతకంటే తక్కువ గదులున్న గెస్ట్‌హౌస్‌లలో గ్రీన్ ట్యాక్స్ 6 డాలర్లే. దేశం విడిచేటప్పటి పన్నులు విమాన టికెట్‌లోనే కలిసి ఉంటాయి.

భోజన పథకాన్ని గదితో పాటే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆకలేస్తే వెళ్లడానికి ఆ దీవిలో మరో చోటు లేదు. అల్పాహారం మాత్రమే ఉన్న పథకం తీసుకొని మధ్యాహ్నం, రాత్రి విడిగా చెల్లిస్తే గది అద్దెకు దీటైన ఖర్చు అవుతుంది. అల్పాహారం, రాత్రి భోజనం ఉండే పథకంలో భోజనం బల్ల దగ్గర తాగే నీటికి కూడా బిల్లు వేసే చోట్లున్నాయి. అన్నీ కలిపినదన్న పథకం ఒక్కో రిసార్టులో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఏ భోజనశాలలు, ఏ పానీయాలు, స్నార్కెలింగ్ పరికరాలు, పడవ విహారాలు అందులోకి వస్తాయో రాతపూర్వకంగా తెప్పించుకోండి. మద్యం తాగనివారికి మూడు పూటల భోజనం మాత్రమే ఉండే పథకం సాధారణంగా సరైనది. శాకాహారులు, అలర్జీలు ఉన్నవారు బుకింగ్ సమయంలోనే ఆ సంగతి తెలియజేయాలి, ఎందుకంటే దూరపు దీవికి సరుకులు పడవల్లో వస్తాయి.

దేశపు కరెన్సీ రుఫియా. రిసార్టుల్లో లెక్కలన్నీ అమెరికన్ డాలర్లలోనే జరుగుతాయి, కార్డులు చెల్లుతాయి. స్థానిక దీవులకు వెళ్లేవారు చిన్న నోట్లు కొన్ని దగ్గర పెట్టుకోవాలి.

ఈ లెక్కలన్నీ వేసి రెండు మూడు దీవుల మొత్తాలను పక్కపక్కన పెట్టి చూశాకే బుక్ చేయండి. గది ఖరారైనా రద్దు చేసుకునే గడువు ఉన్న ధరనే తీసుకొని, అదే రోజు విమాన టికెట్లు కొని, వాటి వివరాలను రిసార్టుకు పంపి, విమానాశ్రయం నుంచి దీవికి చేర్చే ఏర్పాటు ఖాయమైనట్టు జవాబు తెప్పించుకోండి.

ఆరో అడుగు: పత్రాలు, కస్టమ్స్

దాదాపు అన్ని దేశాల పర్యాటకులకూ దిగాక 30 రోజుల వీసా ఉచితంగా ఇస్తారు, భారత పౌరులకు 90 రోజులు. ఇందుకు పాస్‌పోర్ట్, తిరుగు టికెట్, బస ఖరారైన పత్రం, ఖర్చులకు తగిన డబ్బు ఉండాలి. పాస్‌పోర్ట్‌కు నెల రోజుల గడువు ఉంటే వారికి చాలు గాని, దారిలో దిగే దేశాలూ విమాన సంస్థలూ ఎక్కువ అడగవచ్చు కనుక ఆరు నెలలు ఉండేలా చూసుకోండి. విమానం బయలుదేరే ముందు 96 గంటల లోపు ఇముగా అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రయాణికుల ప్రకటన నింపాలి. దీనికి రుసుము లేదు. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గ్రహించండి. పసుపు జ్వరం ఉన్న దేశాల నుంచి వచ్చేవారికి టీకా పత్రం తప్పనిసరి.

విమానాశ్రయంలో సామాను మొత్తం స్కాన్ చేస్తారు. మద్యం తీసుకువెళ్లకూడదు, దారిలో డ్యూటీ ఫ్రీలో కొన్నదైనా సరే, దాన్ని తీసుకొని రశీదు ఇచ్చి తిరిగి వెళ్లేటప్పుడు అప్పగిస్తారు. పంది మాంసపు ఉత్పత్తులు, అశ్లీల సామగ్రి, పూజకు ఉద్దేశించిన విగ్రహాలు నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. ఈ చివరిది తెలియక సంచిలో చిన్న విగ్రహం పెట్టుకొని వెళ్లేవారు ఉంటారు కాబట్టి పెద్దవారికి ముందే చెప్పండి. ఈ-సిగరెట్లను 2024 నవంబరు నుంచి దేశంలోకి రానివ్వడం లేదు. 2007 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు పొగాకు వాడడం 2025 నవంబరు 1 నుంచి నిషిద్ధం, ఇది పర్యాటకులకూ వర్తిస్తుంది.

ప్రయాణ బీమాలో అత్యవసర వైద్య తరలింపు ఉండి తీరాలి. రిసార్టులో వైద్యుడు ఉన్నా పెద్ద ఆసుపత్రులు ఎక్కువగా మాలె ప్రాంతంలోనే ఉన్నాయి, రాత్రి పూట సీప్లేన్ ఎగరదు. రోజూ వాడే మందులను వైద్యుడి చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఏడో అడుగు: సామాను, నీళ్లలో జాగ్రత్తలు

బట్టలు తక్కువ చాలు. తప్పక ఉండాల్సినవి పగడాలకు హాని చేయని సన్‌స్క్రీన్, పొడుగు చేతుల ఈత చొక్కా, దోమల మందు, బ్రిటిష్ తరహా మూడు పిన్నుల ప్లగ్‌కు సరిపడే అడాప్టర్, సీప్లేన్ కోసం ఇయర్‌ప్లగ్‌లు. మాలె భూమధ్యరేఖకు 4 డిగ్రీల ఉత్తరాన ఉంది, ఎండ నిలువుగా పడుతుంది. తల నీళ్లలో పెట్టి గంటసేపు చేపలను చూసేవారికి వీపు, మెడ వెనక, పిక్కలు తెలియకుండానే కాలిపోతాయి, నీటి చల్లదనంలో ఆ మంట సాయంత్రం వరకు తెలియదు. అందుకే సన్‌స్క్రీన్ కంటే ఈత చొక్కానే ఎక్కువగా నమ్ముకోండి. ముఖానికి సరిగ్గా అతికే సొంత మాస్క్ ఉంటే వెంట తీసుకువెళ్లండి.

మొదటి రోజే దిబ్బ అంచుకు వెళ్లవద్దు. నడుము లోతు నీటిలో మాస్క్ పెట్టుకొని నోటితో నెమ్మదిగా శ్వాసించడం అలవాటు చేసుకోండి, ఈత అంతంతమాత్రమైతే లైఫ్ జాకెట్ వేసుకోండి. దీవికీ దీవికీ మధ్య ఉన్న కాలువల్లో పోటుపాట్లను బట్టి ప్రవాహం మారుతుంది, పొద్దున నిలకడగా ఉన్న చోటే మధ్యాహ్నం లాక్కుపోవచ్చు. దిగే ముందు డైవింగ్ కేంద్రంలో ఆనాటి ప్రవాహం ఎటు ఉందో అడిగి, ప్రవాహానికి ఎదురుగా బయలుదేరి దానితో పాటు తిరిగి రండి. ఒంటరిగా వెళ్లవద్దు.

పగడాల మీద నిలబడకండి; ఒక్క అడుగుతో ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ విరిగిపోతుంది, మీ పాదమూ తెగుతుంది. సొరచేపలను చూసి భయపడేవారికి ఒక సంగతి చెప్పాలి: లగూన్‌లో తిరిగే నల్లరెక్కల పిల్ల సొరచేపలు మనుషుల అలికిడికి పారిపోతాయి. జాగ్రత్తపడాల్సింది టైటన్ ట్రిగ్గర్‌ఫిష్ అనే చేపతో. అది గుడ్లను కాపాడుకునే రోజుల్లో ఇసుకలో చేసుకున్న గూడు దగ్గరికి వచ్చినవారిని తరిమి కరుస్తుంది. గూడు నుంచి పైకి పోయేకొద్దీ విస్తరించే గరాటు ఆకారమంతా తన హద్దుగా భావిస్తుంది కాబట్టి పైకి తేలితే తప్పించుకోలేరు. దానికి ఎదురుగా మొహం ఉంచి, కాళ్లకు వేసుకున్న ఈత రెక్కలను (ఫిన్‌లను) అడ్డుపెట్టుకొని పక్కకు ఈదాలి.

ఎనిమిదో అడుగు: తిరుగు ప్రయాణం

డైవింగ్ చేసినవారు చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటల విరామం ఉంచాలి. సీప్లేన్ కూడా విమానమే కాబట్టి ఆ గంటలను అంతర్జాతీయ విమానం నుంచి కాక సీప్లేన్ బయలుదేరే వేళ నుంచి వెనక్కు లెక్కపెట్టండి. చివరి రోజు స్నార్కెలింగ్‌కు ఈ నియమం అడ్డు కాదు.

తిరుగు సీప్లేన్ వేళను రిసార్టు ముందు రోజు సాయంత్రం చెబుతుంది. అది మీ విమానానికి చాలా గంటల ముందు ఉండవచ్చు. స్పీడ్‌బోటు దీవుల్లో ఉన్నవారు గది ఖాళీ చేశాక కూడా స్నానానికీ దుస్తులు మార్చుకోవడానికీ వసతి ఉంటుందా అని అడిగితే చివరి పగలు నీళ్లలోనే గడపవచ్చు. బిల్లును ముందు రాత్రే తెప్పించుకొని భోజన పథకంలో ఉన్నవాటికి మళ్లీ వేశారేమో, గ్రీన్ ట్యాక్స్ రోజులు సరిపోయాయో లేదో వరుసవారీగా చూడండి. పడవ ఎక్కబోయే ముందు పది నిమిషాల్లో ఆ పని కాదు. దేశం విడిచేటప్పుడు కూడా ఇముగా ప్రకటన మళ్లీ నింపాలి, దాన్ని దీవిలో వైఫై ఉండగానే పూర్తి చేయండి. తీరంలో ఏరిన పగడపు ముక్కలను సంచిలో వేసుకోకండి, పగడాలనూ తాబేటి చిప్పతో చేసిన వస్తువులనూ దేశం దాటించడం అక్కడి చట్టం ప్రకారం నేరం. పిల్లల జేబులు కూడా ఒకసారి చూడండి.